బొట్టు పెట్టి ఆపేసిన సర్వర్

ఫోన్ తెర మీద మా ఆఫీసు సర్వర్ గది కనిపిస్తోంది. మా సార్ గొంతు గుడిలో మాట్లాడినంత స్పష్టంగా వినిపిస్తోంది. ఆ గదిలో ఎవరి గొంతూ అలా వినిపించకూడదు. ఏదో చెడ్డది జరగబోతోందని నాకు మొదట అనిపించింది ఆ క్షణంలోనే.

మహర్నవమి నాటి మధ్యాహ్నం, నాలుగు దాటి పది నిమిషాలు. పద్మారావు నగర్‌లో మా వంటింట్లో నిలబడి, పొద్దుటినుంచీ ఏమీ తిననని మొండికేసిన చిన్నవాడికి పెరుగన్నం పెడుతున్నాను. మా ఆఫీసు నేరేడ్‌మెట్‌లో ఒక ఇంటి మొదటి అంతస్తు. అందరం కలిసినా పది మందికి మించం. ఆయుధపూజ ఎంత బాగా జరిగిందో చూపించడానికి ఆఫీసు నడిపే సార్ వీడియో కాల్ చేశారు. కంప్యూటర్లన్నిటికీ కుంకుమ బొట్లు, కీబోర్డుల మీద బంతి రేకులు, ప్రింటర్ నెత్తిన ఒక నిమ్మకాయ. మా పుట్టింటి వైపు ఈ పండగంటే కత్తిపీటకూ స్కూటరుకూ బొట్టు పెట్టడం వరకే. ప్రింటర్‌కు కూడా హారతి ఇస్తారని ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

సార్ ఫోన్‌ను సర్వర్ గదిలోకి తీసుకెళ్లారు. చిన్న గది, రెండు సర్వర్లు. కొత్తదానికి చిన్న బొట్టు. పాతదానికి నిలువెత్తు దండ, ముందు కొబ్బరి చిప్పలు. ఆ పాతదాని ఫ్యాన్లు ఎంత మోత చేస్తాయంటే, పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి వెళ్లి అరవాలి. ఇప్పుడు గోడ గడియారం టిక్కుటిక్కు కూడా నాకు వినిపిస్తోంది.

"పాత సర్వర్ ఆపేశారా సార్?" అన్నాను.

"బంద్ పెట్టినం కదమ్మా. పొద్దుగాల గ్రూపుల అడిగితే నువ్వే బొటనవేలు చూపించినవ్. ఇన్నేండ్ల సంది ఒక్కరోజు సుత ఆగలే అది. ఎట్లైనా వచ్చే నెల తీసేస్తున్నం, పండుగ పూట జెర రెస్టు ఇద్దామని మా అమ్మ అన్నది."

నిజమే. పొద్దున పాపకు జడ వేస్తూ, పళ్ల మధ్య రిబ్బను పట్టుకుని, ఫోన్‌లో సార్ మెసేజ్ సగం చదివి బొటనవేలు గుర్తు నొక్కాను. మిగతా సగం ఇప్పుడు తెరిచి చదివితే, పాతది ఆపుతున్నాం, సరేనా అని ఉంది.

ఫోన్ పెట్టేశాను. గడియారం చూశాను. ప్రతిరోజూ నాలుగింటికి ఆసుపత్రికి వెళ్లే జాబితా నకలు ఒకటి నా ఫోన్‌కూ రావాలి, రాలేదు.

ఆ జాబితా ఏమిటో చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో ఒక చిన్న డయాలసిస్ ఆసుపత్రి ఉంది. కిడ్నీలు పనిచేయనివాళ్లు వారానికి రెండు మూడు సార్లు అక్కడికి వచ్చి, నాలుగేసి గంటలు పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళతారు. మర్నాడు ఎవరు ఎన్నింటికి రావాలి, ఎవరు ఏ మెషిన్ మీద పడుకోవాలి, ఎవరికి ఏ మందు ఎంత, ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి అన్నది సాయంత్రం నాలుగింటికి మా సాఫ్ట్‌వేర్ తనంతట తానే లెక్కగట్టి జాబితాగా పంపుతుంది. అది చూసి అక్కడి హెడ్ సిస్టర్ అందరికీ ఫోన్లు చేయిస్తారు. ఆరు దాటితే ఫోన్లు చేసేవాళ్లు ఇళ్లకు వెళ్లిపోతారు. మామూలు రోజైతే సిస్టర్‌కు అంతా నోటికి వచ్చు. మర్నాడు దసరా. మూడు షిఫ్టులు రెండుగా కుదించారు, సగం మంది వేళలు మారాయి, మెషిన్లు మారాయి. వాటిలో ఒక మెషిన్ కాలేయానికి అంటురోగం ఉన్నవాళ్లకు మాత్రమే. ఇంకొకరిని దాని మీద పడుకోబెట్టకూడదు, వాళ్లను ఇంకోదాని మీద పడుకోబెట్టకూడదు. రిజిస్టరులో చేత్తో రాసే అలవాటు మేం సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఏడాదే పోయింది.

కాబట్టి ఆరు గంటలకల్లా జాబితా రావాలి. అంతే. నాకు గంటా యాభై నిమిషాలు ఉన్నాయి.

ఇదంతా నా మెడకే ఎందుకు చుట్టుకుంది అంటే, కొత్త సర్వర్ నా ఆలోచన. చిన్నవాడు పుట్టాక నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. తిరిగి ఉద్యోగంలో చేరాక మొదటి మీటింగులో నేను నోరు విప్పి చెప్పిన మొదటి మాట, ఈ పాతదాన్ని వదిలేసి ఓపెన్ సోర్స్ అప్లికేషన్ సర్వర్‌కు మారదాం అని. మా అత్తగారికి ఒకసారి దాన్ని ఇలా చెప్పాను. మన ఇంట్లో పెళ్లయితే ఫంక్షన్ హాలు తీసుకుంటాం కదా. కరెంటు, నీళ్లు, వంటగది, కుర్చీలు, గేటు దగ్గర మనిషి, అన్నీ హాలువాళ్లవే. మనం పెళ్లి మాత్రం తెచ్చుకుంటాం. మా సాఫ్ట్‌వేర్ పెళ్లి లాంటిది, అప్లికేషన్ సర్వర్ హాలు లాంటిది. పాత హాలులో కొన్ని గదులకు ఎప్పుడూ తాళం. లోపల వైర్లు ఎలా వెళ్లాయో మనకు చూపించరు. ఫ్యూజు పోతే వాళ్ల మనిషే రావాలి. కొత్త హాలుకు అన్ని తాళంచెవులూ మన చేతికే ఇస్తారు. గోడల్లో వైర్లు ఎలా పోయాయో బొమ్మ గీసి తలుపు మీదే అంటించి ఉంటుంది. ప్రపంచంలో ఎవరైనా వచ్చి చూడవచ్చు, బాగుచేయవచ్చు. అత్తయ్య అంతా విని, మరి వంట ఎవరు చేస్తారు అని అడిగారు. అప్పుడు నవ్వాను గానీ, అది అడగవలసిన ప్రశ్నే.

మారడానికి ఎనిమిది నెలలు పట్టింది. పది రోజుల కిందట ఆసుపత్రి మొత్తం కొత్త సర్వర్ మీదకు వచ్చింది. ఒక్క రోజు కూడా ఆగలేదు. సార్ అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించారు. నేను భయస్తురాలిని. గ్యాస్ కట్టానా లేదా అని రెండుసార్లు లేచి చూస్తాను, పిల్లలు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అందుకే పాత సర్వర్‌ను ఇంకో నెల అలా నడుస్తూ ఉండనివ్వండి, ఎందుకైనా మంచిది అని నేనే పట్టుబట్టాను.

ల్యాప్‌టాప్ తెరిచేసరికి సిస్టర్ మెసేజ్ వచ్చింది. "మేడం, రేపటి లిస్ట్ ఇంకా రాలే."

పది రోజులుగా జాబితా ఏ సర్వర్ నుంచి వస్తోంది? ఈ ప్రశ్న నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. కొత్త సర్వర్‌లో సెట్టింగుల ఫైలు తెరిచాను. నాలుగు గంటల టైమర్ ఎదురుగా "ఆపబడింది" అన్న అర్థం వచ్చే మాట. దాన్ని రాసింది నేనే. రెండు సర్వర్లనూ పక్కపక్కన పరీక్షిస్తున్న రోజుల్లో, ఆసుపత్రికి రెండేసి జాబితాలు వెళ్లకుండా కొత్తదానిలో టైమర్ ఆపి పెట్టాను. మారిన రోజున తిరిగి ఆన్ చేయడం మర్చిపోయాను. పది రోజులు తెరలన్నీ కొత్త సర్వర్ చూపించింది, రెండూ చదివే రికార్డులు ఒక్కటే కనుక జాబితా మాత్రం దండ వేసుకున్న ఆ ముసలిదే కూర్చుని చేసి పంపింది. మిర్చిబజ్జీలు మేం తిన్నాం.

వెంటనే సార్‌కు ఫోన్ చేసి పాతదాన్ని మళ్లీ ఆన్ చేయమన్నాను. పూజల పెట్టినం కదమ్మా అన్నారు. నవమి నాడు పూజలో పెట్టిన పనిముట్టును దసరా పొద్దున దాకా కదిలించరు. పూజ చేసింది వాళ్లమ్మ. ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ప్రసాదాలు పంచుతున్నారు. ఎందుకు కావాలో, తప్పు ఎవరిదో చెప్పాను. ఆయన కేకలు వేస్తారనుకున్నాను. పక్కకు తిరిగి వాళ్లమ్మతో ఏదో మెల్లగా చెప్పడం వినిపించింది. ఆవిడ ఏమన్నారో వినబడలేదు.

"అమ్మ లెంపలేసుకుని తీయమన్నది. ఆస్పత్రి పనంటే దేవుడు ఏమనడంట," అని సార్ దండ తీసి, ప్లగ్గు పెట్టారు. ఫ్యాన్ల మోత మొదలైంది. ఆ మోత విని నేను అంతగా సంతోషించిన రోజు ఇంకొకటి లేదు.

ఆ సంతోషం నాలుగు నిమిషాలు. పెట్టె లేచింది, అందులోని పాత సర్వర్ సాఫ్ట్‌వేర్ లేవలేదు. లైసెన్సు గడువు ముగిసింది అని ఒక ముక్క రాసి ఆగిపోయింది. ఎలాగూ మానేస్తున్నాం కదా అని గడువు పొడిగించలేదు. నడుస్తున్నంత సేపూ అది ఎవరినీ ఏమీ అడగలేదు. పడుకుని లేచాక మాత్రం తలుపు దగ్గరే అనుమతి అడిగింది. ఆ కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే పండగ సెలవు, సోమవారం చేయండి అని రికార్డు చేసిన గొంతు చెప్పింది. సార్ గొంతులో మొదటిసారి పరేషాన్ వినిపించింది. ఇగ ఎట్లమ్మా అన్నారు. ఉన్నది కొత్తదొక్కటే, దానితోనే చేయిస్తాను అన్నాను. అబద్ధం చెప్పను, ఆ మాట అనేటప్పుడు నాలో ఉన్నది భయమొక్కటే కాదు. కొత్త సర్వర్ లోపలికి పూర్తిగా దిగవలసిన రోజు వచ్చిందన్న ఉత్సాహం కూడా ఉంది.

నాలుగూ నలభై. మా ఆయన పని మీద ఊరెళ్లారు, అత్తయ్య గుడికి వెళ్లారు. మామయ్య హాల్లో పేపరు చదువుతున్నారు. పిల్లల పుస్తకాలు దేవుడి ముందు పెట్టాం కనుక వాళ్లకు ఆ రోజు చదువు లేదు. ఆ ఆనందం ఇల్లంతా పరుగులు పెడుతోంది. నేను పడకగది తలుపు దగ్గరగా వేసి, మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నాను.

టైమర్‌ను ఆన్ చేశాను. నాలుగు ఎలాగూ దాటిపోయింది కాబట్టి ఐదుంపావుకు మోగేలా పెట్టాను. ఈ మార్పు ఎక్కాలంటే సాఫ్ట్‌వేర్‌ను రెండు నిమిషాలు ఆపి మళ్లీ నడపాలి. సిస్టర్‌ను అడిగితే ఫర్లేదు చేయండి అన్నారు. చేశాను. తర్వాత పాలు కాచాను, చిన్నవాడి మూతి తుడిచాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఐదూ పద్నాలుగు. ఐదూ పదిహేను. ఐదూ పదహారు. ఏమీ రాలేదు. తప్పు జరిగిందన్న మాట కూడా లేదు. తప్పు చూపిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది, ఏదో ఒకటి పట్టుకోవచ్చు. ఇక్కడ సర్వర్ హాయిగా నడుస్తోంది, అడిగిన పని మాత్రం చేయడం లేదు. తిన్నావా అంటే తల ఊపి, బుగ్గలో ముద్ద అలాగే పెట్టుకు కూర్చునే మా చిన్నవాడి వరస.

అదే సమయానికి పాప తలుపు తోసుకుని మూడోసారి వచ్చింది, కత్తెర ఎక్కడుందని. నేను అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే నా చేతిలో ల్యాప్‌టాప్ అదిరింది. దాని కింది పెదవి వణికింది, ఏడవలేదు, వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయింది. వెనకే మామయ్య వచ్చారు. ఆయన లాలాగూడ రైల్వే షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. తలుపు దగ్గరే నిలబడి ఏమైందని అడిగారు. నేను రెండు ముక్కల్లో చెప్పాను, పూజ పేరుతో సర్వర్ ఆపేశారని.

"మా షాపుల నవమి నాడు లేతు మిషన్లన్ని బంద్," అన్నారు. "అన్నిటికి గాలి పంపే కంప్రెసర్‌ను మాత్రం ఆపకపోతుంటిమి. నడుస్తుండంగనే బొట్టు పెట్టి దండం పెట్టేటోళ్లం. దాని పైపు ఎక్కడెక్కడికి పోయిందో ఎవనికీ పూరా తెల్వది. ఆపేముందు అడిగి ఆపాలె."

"అడిగారు మామయ్యా. నేనే సరేనన్నాను."

"గదన్నమాట." ఆయన నవ్వకుండా తల ఊపారు. "సరే, పిల్లల్ని నేను మేడ మీదికి తీస్కపోత. నువ్వు నీ పైపు ఎటు పోయిందో చూస్కో."

తలుపు మూసుకుంది. ఇల్లు నిశ్శబ్దమైంది. ఐదూ ఇరవై.

ముందు ఇంటర్నెట్‌లో వెతికాను. ఈ సర్వర్ వాడేవాళ్లు మాట్లాడుకునే చోట, ఏళ్ల కిందట ఎవరో అచ్చం ఇదే అడిగారు. టైమర్ పెట్టాను, తప్పేమీ చూపించదు, మోగదు అని. ఎవరూ జవాబు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత ఆ మనిషే వచ్చి, దొరికింది, అందరికీ ధన్యవాదాలు అని రాసి వెళ్లిపోయాడు. ఏం దొరికిందో రాయలేదు. ఆ మనిషి ఏ దేశంలో ఉన్నాడో గానీ ఆ నిమిషంలో నా తిట్లు వాడికి తగిలే ఉంటాయి.

అప్పుడు గుర్తొచ్చింది. నేను ఎవరినీ అడగక్కర్లేదు. ఈ హాలుకు తాళంచెవులు నా దగ్గరే ఉన్నాయి.

సర్వర్ లోపలి కోడ్ అంతా ఎవరైనా చదవవచ్చు. ఎనిమిది నెలలుగా ఈ మాట అందరికీ చెబుతూ వచ్చాను గానీ, నిజంగా దిగి చదివింది ఆ సాయంత్రమే. టైమర్లకు సంబంధించిన భాగం వెతికి తెరిచాను. నేనెన్నడూ చూడని మనుషులు రాసిన వందల వరుసలు. మొదటి రెండు నిమిషాలు అక్షరాలు ఈదుతున్నట్టున్నాయి. తర్వాత మెల్లగా నిలిచాయి. ఒక చోట ఎవరో, దీన్ని ముట్టుకునే ముందు కింది భాగం కూడా చదవండి, నేను చదవక ఒక రోజంతా పోగొట్టుకున్నాను అని గుర్తు రాసిపెట్టారు. ఆ వాక్యం చదివి పైకే నవ్వాను. ఎక్కడో ఒక మనిషి నాలాగే తప్పు చేసి, తర్వాత వచ్చేవాళ్ల కోసం దాన్ని దాచకుండా అక్కడే వదిలి వెళ్లాడు. పాత సర్వర్ లోపల కూడా ఇలాంటి గుర్తులు ఉండే ఉంటాయి. మనకు కనిపించవు.

ఇంకొంచెం కిందికి వెళితే నాకు కావలసింది దొరికింది. టైమర్ ఈసారి ఎప్పుడు మోగాలో సర్వర్ ముందుగానే లెక్కగట్టి ఒక చోట రాసుకుంటుంది. కానీ ఆ మాటను మామూలుగా బయటపెట్టదు. వివరంగా చెప్పు అని అడిగితేనే చెబుతుంది. ఆ అడిగే సెట్టింగు పేరు కూడా అక్కడే ఉంది. దాన్ని సెట్టింగుల ఫైలులో రాసి పెట్టాను. తెర మీద గబగబా వరుసలు పడ్డాయి. వాటి మధ్యలో జాబితా టైమర్ పేరు, పక్కన అది మోగబోయే సమయం, నా ల్యాప్‌టాప్ మన కాలంలోకి మార్చి చూపిస్తూ.

రాత్రి పది నలభై ఐదు.

నేను పెట్టింది సాయంత్రం ఐదుంపావు. తేడా ఐదున్నర గంటలు. ఈ దేశంలో కంప్యూటర్ల పని చేసే ఎవరికైనా ఆ ఐదున్నర చూడగానే వెన్నులో జల్లుమంటుంది. సర్వర్ మన గడియారం చూడటం లేదు, లోకమంతా లెక్కకు వాడే గ్రీనిచ్ గడియారం చూస్తోంది. మొదట్లో దాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఎవరో ఇచ్చిన నమూనా ఫైలు యథాతథంగా తెచ్చుకున్నాను. అందులో గడియారం గ్రీనిచ్‌దే. తెరల మీద వేళలు మాత్రం మా సాఫ్ట్‌వేర్ సొంతంగా మన కాలంలోకి మార్చి చూపిస్తుంది కనుక పది రోజులూ ఎవరికీ తేడా కనిపించలేదు. నేను టైమర్ ఆన్ చేయడం మర్చిపోకుండా ఉండి ఉంటే, మారిన మొదటి రోజే జాబితా నాలుగింటికి కాకుండా రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లి ఉండేది.

మంచం మీద నుంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. నవ్వొస్తోంది, కళ్లల్లో నీళ్లొస్తున్నాయి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలో ఆఖరి లెక్క ఆఖరి ఐదు నిమిషాల్లో తేలినప్పుడు ఇలా అనిపించింది. మళ్లీ ఇన్నేళ్లకు.

ఐదూ ముప్ఫై ఆరు. ఒక అడ్డదారి తోచింది. గడియారాన్ని అలాగే వదిలేసి, టైమర్‌నే ఐదున్నర గంటలు వెనక్కి జరిపితే ఇవాళ్టికి పని జరిగిపోతుంది. కానీ ఒకసారి మర్చిపోయినదాన్ని, మళ్లీ మర్చిపోనని నా మీద నాకే నమ్మకం లేదు. సరిచేయవలసిన చోటే సరిచేశాను. గడియారం మనది, జాబితా సమయం రోజూ నాలుగు, ఇవాళ ఒక్క రోజుకు అదనంగా ఐదూ యాభై. ఇప్పుడు సర్వర్‌ను మొత్తంగా ఆపి మొదలుపెట్టాలి. ఈసారి ఫోన్ చేశాను. సిస్టర్ వద్దన్నారు.

"ఇప్పుడు ఆపకండి మేడం. ముగ్గురికి ఒకేసారి ముగింపు బీపీలు కంప్యూటర్ల ఎక్కిస్తున్న. ఒకాయనకు బీపీ పడిపోతున్నది."

ఆగాను. గోళ్లు కొరికాను. మేడ మీద నుంచి చిన్నవాడి నవ్వు వినిపించింది. ఐదూ నలభై రెండుకు సిస్టర్ నుంచి మెసేజ్ వచ్చింది. దాన్ని చివరి అక్షరం దాకా చదివాను. ఆయన బాగానే ఉన్నారు, ఎంట్రీలు అయిపోయాయి, ఐదు నిమిషాలు మీకు ఇస్తున్నాను అని. ఆపాను. మొదలుపెట్టాను. కొత్త సర్వర్ లేవడానికి నలభై సెకన్లు పడుతుంది. లైసెన్సు అడగలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. లేచి, టైమర్ ఎప్పుడు మోగుతుందో రాసింది. ఐదూ యాభై.

ఆ చివరి నిమిషాల్లో నేను దేవుడికి దండం పెట్టానా అంటే, పెట్టాను. ఐదూ యాభైకి వరుసలు కదిలాయి. ఒక్కొక్క పేషెంటు నంబరు, ఒక్కొక్క మెషిన్ నంబరు. యాభై ఒకటికి ఆసుపత్రి ప్రింటర్‌కు వెళ్లిందని రాసింది. నేను సిస్టర్‌కు ఫోన్ చేసి, వచ్చింది కదా అని సంబరపడవద్దు, నాకు చదివి వినిపించండి అన్నాను. రావడం వేరు, సరిగ్గా రావడం వేరు. ఆమె గబగబా చదివారు, నేను తెర మీద పోల్చుకున్నాను. విడిగా ఉంచిన ఆ మెషిన్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగాం.

"ఆరో నంబర్ మెషిన్," అన్నారు ఆమె. "పొద్దున పెద్దాయన, రెండో షిఫ్టుల బోయిన్‌పల్లి అక్క. వాళ్లిద్దరే. కరెక్టే మేడం. ఇగ పెడుత, ఫోన్లు షురూ చేయాలె."

ఆమెకు నా సంబరం వినే తీరిక లేదు. సార్‌కు చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, అయితే మా అమ్మ పూజ పుణ్యమే అన్నారు. నేను వాదించలేదు. వచ్చే నెల పాత సర్వర్‌ను ఊడబీకి పక్కన పడేశాక ఇదే జరిగి ఉంటే, ఆ రోజు నేను ఏ బంధువుల పెళ్లిలోనో ఉండి ఉంటే, ఏమై ఉండేదో ఆలోచించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. పాతదానికి సార్ వాళ్లమ్మ ఒక్కరోజు సెలవు ఇవ్వబట్టి నా మతిమరుపు వెలుతురులోకి వచ్చింది. బొట్టు పెట్టి ఆపిన చెయ్యి మంచిదో చెడ్డదో నేను తేల్చలేను.

ఆ సాయంత్రమే, దొరికింది అని రాసి మాయమైన ఆ మనిషి ప్రశ్న కింద జవాబు రాశాను. గడియారం చూసుకోండి, మోగబోయే సమయాన్ని బయటపెట్టే సెట్టింగు ఇదీ, అది ఉండే చోటు ఇదీ అని. ఓపెన్ సోర్స్ లోకానికి నేనిచ్చిన మొదటి వస్తువు ఆ నాలుగు వాక్యాలు. పంపించాక, అక్షర దోషాలు ఉన్నాయేమోనని ఆరు సార్లు చదివాను.

పిల్లలు మేడ దిగి వచ్చేసరికి పాప నా వైపు చూడలేదు. అన్నం తాతయ్య చేతే పెట్టించుకుంది. రాత్రి పక్కలో పడుకుని గోడ వైపు తిరిగింది. దానికి అప్పుడే చెప్పాలనుకున్నాను గానీ, రేపు పొద్దున ఆరింటికి ఏమవుతుందో తెలియకుండా ఏం చెప్పను? కళ్లు మూసుకుంటే మెషిన్ నంబర్లే కనిపించాయి.

దసరా పొద్దున ఆరూ ఇరవైకి సిస్టర్ మెసేజ్ వచ్చింది. మొదటి షిఫ్టు అందరూ వచ్చారు, అందరివీ మొదలయ్యాయి, ఎవరికీ మెషిన్ మారలేదు. దాన్ని మామయ్యకు చూపించాను. మంచిగైంది అని కాఫీ గ్లాసు నా వైపు జరిపారు.

పిల్లలు లేచాక ఇద్దరినీ వంటింటి గట్టు మీద కూర్చోబెట్టాను. పాప ఇంకా ముభావంగానే ఉంది. నిన్న అమ్మ ఒక పని మర్చిపోయింది అని మొదలుపెట్టాను. కొంతమందికి వాళ్ల రక్తాన్ని మెషిన్ శుభ్రం చేయాలి, ఎవరు ఎప్పుడు రావాలో చెప్పే కాగితం అమ్మ తయారుచేయించాలి, అది ఆగిపోయింది. చిన్నవాడు సబ్బుతో కడుగుతారా అని అడిగాడు. కాదని చెప్పాను. పాప అప్పుడు నా వైపు చూసి, మర్చిపోయింది నువ్వైతే నా మీదెందుకు అరిచావు అంది.

"భయమేసి అరిచాను. తప్పు నాదే, నీది కాదు," అన్నాను. "కాగితం టైముకు వెళ్లింది. పొద్దున రావలసినవాళ్లంతా వచ్చి ఇప్పుడు పడుకుని ఉన్నారు. ఇంకా సగం మంది పన్నెండింటికి వస్తారు. వాళ్లవీ మొదలయ్యాయని సిస్టర్ చెప్పేదాకా ఫోన్ నా చేతిలోనే ఉంటుంది, మీరు పిలిస్తే ఒక్కోసారి పలకను. అప్పుడు కోపమనుకోకండి. ఆ తర్వాత ఫోన్ తాతయ్యకు ఇచ్చేస్తాను, ముగ్గురం బయటికి వెళదాం."